మండల కేంద్రంలో కంటి పరీక్ష: విజన్ సెంటర్ల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి అనగానే చాలామందికి హైదరాబాద్ బంజారా హిల్స్‌లోని పెద్ద భవనం గుర్తొస్తుంది. ఆ సంస్థ చేసిన పనుల్లో నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపించేది మాత్రం చిన్న ఊళ్ళలో, మండల కేంద్రాల్లో నడిచే విజన్ సెంటర్లు. వాటి గురించి ఊళ్ళో పెద్దవాళ్ళు, ఆశా కార్యకర్తలు, పై దేశాల్లో ఉన్న బంధువులు అడిగే ప్రశ్నలను ఇక్కడ ఒకచోట చేర్చాను. నేను ఆ సంస్థ ఉద్యోగిని కాను. పల్లెల్లో ప్రాథమిక వైద్యం నిలబడాలని గట్టిగా కోరుకునే మనిషిని.

విజన్ సెంటర్ అంటే ఏమిటి? ఆసుపత్రేనా?

ఆసుపత్రి కాదు. ఒక గది, మహా అయితే రెండు. గోడకు అక్షరాల చార్టు ఉంటుంది. చదువురానివాళ్ళ కోసం ఇంగ్లిష్ 'ఈ' అక్షరాన్ని నాలుగు వైపులకూ తిప్పి వేసిన చార్టు ఇంకొకటి. గీతలు ఎటు తిరిగి ఉన్నాయో చేత్తో చూపిస్తే చాలు. కంటి ముందు భాగాన్ని పెద్దది చేసి చూపించే స్లిట్ ల్యాంప్, పవర్ ఎంతో తేల్చే రెటినోస్కోప్, మార్చి మార్చి పెట్టి చూసే అద్దాల పెట్టె, ఓ పక్క షోకేసులో ఫ్రేములు. అన్నీ చూసుకునేది విజన్ టెక్నీషియన్. ఎక్కువగా ఆ చుట్టుపక్కల ఊళ్ళ అమ్మాయో అబ్బాయో అయి ఉంటారు.

చూపు పరీక్ష చేసి, అవసరమైతే కళ్ళద్దాలిచ్చి, డాక్టరు చూడాల్సిన కేసుని గుర్తుపట్టి పైకి పంపడం ఆ గదిలో జరిగే పని. వినడానికి చిన్న పనే. కానీ 1996 నుంచి 2000 వరకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో హైదరాబాద్, పశ్చిమ గోదావరి, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో పది వేల మందికి పైగా పరీక్షించి చేసిన సర్వేలో, జనాభాలో 1.84 శాతం మంది చూపు పోయి ఉన్నారని తేలింది. అందులో దాదాపు 60 శాతానికి కారణం రెండే రెండు: శుక్లం, కళ్ళద్దాలు లేకపోవడం. సరైన అద్దాలు లేక గుడ్డివాళ్ళ లెక్కలో చేరిపోయిన మనుషులున్నారంటే ఆలోచించండి. ఈ గది పుట్టింది వాళ్ళ కోసం.

ఇది ధర్మాసుపత్రా? వ్యాపారమా? సోషల్ ఎంటర్‌ప్రైజ్ అని ఎందుకంటారు?

మన దేశంలో సోషల్ ఎంటర్‌ప్రైజ్ పేరుతో విడిగా ఒక చట్టం లేదు. కొన్ని ట్రస్టులుగా, కొన్ని సొసైటీలుగా, ఇంకొన్ని కంపెనీల చట్టంలోని సెక్షన్ 8 కింద లాభాపేక్ష లేని కంపెనీలుగా రిజిస్టర్ అవుతాయి. పేరు ఏదైనా రెండు సంగతులు చూడాలి. ఒకటి, సంస్థ తన రోజువారీ ఖర్చులో మంచి వాటాను సేవలూ వస్తువులూ అమ్మి తానే సంపాదించుకుంటోందా? రెండు, మిగిలిన డబ్బు ఎవరి జేబులోకీ పోకుండా మళ్ళీ ఆ పనిలోకే వస్తోందా? ఎల్వీ ప్రసాద్ లాభాపేక్ష లేని సంస్థ. డబ్బు ఇవ్వగలవాళ్ళ దగ్గర తీసుకుంటుంది, ఇవ్వలేనివాళ్ళకు ఉచితంగా చేస్తుంది. తమ సేవల్లో సగానికి పైగా ఉచితమేనని ఆ సంస్థ చెబుతుంది. అందుకే నేను దీన్ని సోషల్ ఎంటర్‌ప్రైజ్ లెక్కలోనే వేస్తాను.

ఈ పద్ధతికి దక్షిణాదిలో దారి చూపించింది మదురైలోని అరవింద్ కంటి ఆసుపత్రి. 1976లో డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి తన రిటైర్మెంట్ తర్వాత 11 పడకలతో మొదలుపెట్టారు. కంట్లో అమర్చే లెన్సు దిగుమతి ధర పేదవాడికి అందదని 1992లో అరోల్యాబ్ పెట్టి వాళ్ళే తయారు చేసుకున్నారు, ధర బాగా దిగొచ్చింది. అమ్ముడయ్యే వస్తువు ఒకటి చేతిలో ఉంటే వైద్యసేవ నిలబడుతుందని వాళ్ళు చేసి చూపించారు.

ఎక్కడ మొదలైంది? ఎవరు మొదలుపెట్టారు?

అమెరికాలో పనిచేసి తిరిగొచ్చిన కంటి డాక్టరు గుళ్ళపల్లి నాగేశ్వరరావు గారు 1987లో హైదరాబాద్‌లో సంస్థను ప్రారంభించారు. సినీ నిర్మాత, దర్శకుడు ఎల్.వి. ప్రసాద్ కుటుంబం స్థలమూ డబ్బూ ఇచ్చింది, పేరు అలా వచ్చింది. నగరంలో ఎంత మంచి ఆసుపత్రి కట్టినా పల్లె రోగి అక్కడిదాకా రాడని వాళ్ళకు త్వరలోనే అర్థమైంది. 1996లో అప్పటి ఆదిలాబాద్ జిల్లా ముధోల్‌లో తొలి గ్రామీణ ఆసుపత్రి పెట్టారు. ఇప్పుడది నిర్మల్ జిల్లా. ఆ తర్వాత కొన్నేళ్ళకు ఆసుపత్రి చుట్టూ ఉన్న ఊళ్ళకు విజన్ సెంటర్లు వచ్చాయి. ఇవాళ తెలంగాణ, ఆంధ్రప్రదేశ్, ఒడిశా, కర్ణాటకల్లో కలిపి 200కు పైగా ఉన్నాయి.

పిరమిడ్ అని వింటుంటాం, అదేమిటి?

మెట్ల వరస. అయిదు వేల జనాభాకు విజన్ గార్డియన్ అనే కార్యకర్త, యాభై వేల మందికి ఒక విజన్ సెంటర్, అయిదు లక్షలకు ఆపరేషన్ థియేటర్ ఉన్న ఒక సెకండరీ ఆసుపత్రి, యాభై లక్షలకు విశాఖపట్నం, విజయవాడ, భువనేశ్వర్‌లలో ఉన్నలాంటి పెద్ద ఆసుపత్రి, అన్నిటికీ పైన హైదరాబాద్. పది విజన్ సెంటర్లు ఒక సెకండరీ ఆసుపత్రికి ముడిపడి ఉంటాయి. ఈ ముడి లేకపోతే విజన్ సెంటర్ కూడా మామూలు కళ్ళజోళ్ళ షాపే.

ఉచిత కంటి క్యాంపులు పెడుతూనే ఉంటారు కదా, మళ్ళీ సెంటరెందుకు?

అందరికన్నా ఎక్కువగా అడిగేది ఇదే. క్యాంపులను తీసిపారేయకూడదు. ఒకప్పుడు బడుల్లో, సత్రాల్లో బల్లలు వేసి ఆపరేషన్లు చేసిన రోజుల్లో అవే దిక్కు. ఆపరేషనయ్యాక సోడాబుడ్డి అద్దాలు పెట్టుకుని తిరిగిన తాతలు, నాయనమ్మలు మనందరికీ గుర్తే. ఇప్పుడు క్యాంపులో ఆపరేషన్ చేయరు. పరీక్ష చేసి, బస్సెక్కించి ఆసుపత్రికి తీసుకెళతారు. చాలా మంచి మార్పు.

కానీ క్యాంపు ఒక్కరోజు ముచ్చట. ఆదివారం నాడు హైస్కూల్లో పెడతారు. ఆరోజు కూలికి పోయినవాళ్ళు, ఇంట్లో పసిపిల్లలున్నవాళ్ళు, జ్వరంతో పడుకున్నవాళ్ళు రారు. అన్నిటికన్నా ముఖ్యంగా, నడిపించి తీసుకొచ్చే మనిషి లేని ముసలివాళ్ళు రారు, క్యాంపు ఎవరికోసం పెట్టారో వాళ్ళే అందుకోలేరు. తమిళనాడులో అరవింద్ సంస్థ వాళ్ళ క్యాంపుల మీద జరిగి, 1999లో అచ్చయిన అధ్యయనంలో కంటి బాధలున్న పెద్దవాళ్ళలో క్యాంపుకు వచ్చినవాళ్ళు సుమారు 7 శాతమేనని తేలింది. పేరున్న, బాగా నడిచే క్యాంపుల సంగతి ఇది. ఆ లెక్క చూసి వాళ్ళు తమను తాము మెచ్చుకుని ఊరుకోలేదు, వాళ్ళూ విజన్ సెంటర్ల వైపు తిరిగారు.

ఇంకొకటి: క్యాంపులో ఇచ్చిన అద్దాల కాడ విరిగితే ఎవర్ని అడగాలి? ఆపరేషనైన కంట్లో పదో రోజున నొప్పి మొదలైతే ఎక్కడికి పోవాలి? సోమవారం నాడు తలుపు తీసి ఉండే గది ఒకటి కావాలి. వచ్చే సోమవారం, ఆపై సోమవారం కూడా. నా దృష్టిలో సెంటర్ ఇచ్చే వైద్యంలో సగం అక్కడ రోజూ ఉండటమే.

డబ్బు ఎక్కణ్ణుంచి వస్తుంది?

మొదటి పెట్టుబడి, అంటే పరికరాలు, టెక్నీషియన్ శిక్షణ, ఫర్నిచరు, ఎక్కువగా దాతల నుంచి వస్తుంది. గదిని చాలాచోట్ల ఊరివాళ్ళో పంచాయతీయో సమకూరుస్తారు. అసలు కష్టం ఆ తర్వాతే. ప్రారంభోత్సవానికి దాతలు దొరుకుతారు. మూడో ఏడాది కరెంటు బిల్లుకు ఎవరూ దొరకరు. ఎన్ని ట్రస్టు ఆసుపత్రులు ఇక్కడే చతికిలపడ్డాయో మన జిల్లాల్లో తిరిగినవాళ్ళకు తెలుసు.

విజన్ సెంటర్‌ను ఆ మూడో ఏడాది దాటించేది కళ్ళద్దాల అమ్మకం. ఫ్రేములూ లెన్సులూ సంస్థ మొత్తం కలిపి కొంటుంది కాబట్టి చవగ్గా పడతాయి. పట్నం షాపు కన్నా తక్కువకు అమ్మినా కాస్త మిగులుతుంది. ఆ మిగులుతో టెక్నీషియన్ జీతం, సెంటర్ ఖర్చులు గడవాలి. యాభై వేల జనాభా అనే లెక్కలో ఈ సంగతి కూడా ఉంది. అంతమందిలో నలభై దాటినవాళ్ళు, చదువుకునే పిల్లలు కలిపి అద్దాలు కావాల్సినవాళ్ళు ఏడాది పొడుగునా వస్తూనే ఉంటారు.

అన్ని సెంటర్లూ ఒకేలా గడుస్తాయని అనుకోకండి. జనం పలచగా ఉండి, చేతిలో డబ్బాడని ఏజెన్సీ ఊళ్ళలో అమ్మకంతోనే నిలబడమంటే అన్యాయం. అక్కడ పై ఆసుపత్రి నుంచో దాతల నుంచో ఊతం కావాలి. అక్కడ కూడా స్వయంసమృద్ధి సాధించాలని పట్టుబట్టేవాళ్ళతో నాకు పేచీ ఉంది. అమ్మకం సెంటర్‌ను నిలబెట్టడానికి ఉండాలి గానీ, సెంటర్ ఎక్కడ పెట్టాలో అమ్మకం నిర్ణయించకూడదు.

సెకండరీ ఆసుపత్రుల్లో డబ్బు కట్టే రోగులు, ఉచిత రోగులు ఇద్దరూ ఉంటారు. జాతీయ అంధత్వ నివారణ కార్యక్రమం కింద స్వచ్ఛంద సంస్థలు చేసే ఉచిత శుక్లం ఆపరేషన్లకు ప్రభుత్వం గ్రాంటు ఇస్తుంది. 1976లో మొదలైన కార్యక్రమం అది.

అద్దాలమ్మితేనే గడిచే చోట, అవసరం లేనివాళ్ళకు కూడా అంటగట్టరా?

అడగాల్సిన ప్రశ్నే. కళ్ళద్దాల అమ్మకంతో నడిచే ఏ చోటికి వెళ్ళినా దీన్ని మనసులో పెట్టుకోవడం మంచిది. నేను మూడు సంగతులు చూస్తాను. పవర్ ఎంతో కాగితం మీద రాసి ఇస్తున్నారా? ఇస్తే మీరు ఆ చీటీతో ఎక్కడైనా కొనుక్కోవచ్చు. పరీక్షించే మనిషికి అమ్మిన ప్రతి జత మీదా కమీషన్ ముడుతోందా? ముడుతుంటే జాగ్రత్త. "మీకు అద్దాలు అక్కర్లేదు" అని చెప్పి పంపిన మనుషులు మీ ఊళ్ళో ఎవరైనా ఉన్నారా? వీళ్ళు దొరికితే ఆ చోటు మంచిదే.

చూపు బాగున్నవాళ్ళకు పావు పాయింటు పవర్ కోసం అద్దాలు తప్పనిసరి కాదు. తలనొప్పి ప్రతిదానికీ అద్దాలే మందు కాదు. ఎవరైనా తొందరపెడితే ఇంటికొచ్చి ఆలోచించుకోండి, చూపు సంగతి ఒక వారంలో మునిగిపోయేదేం లేదు. ఎర్రబడి నొప్పి పెట్టే కన్నుకు, ఉన్నట్టుండి తగ్గిన చూపుకు మాత్రం ఈ మాట వర్తించదు.

టెక్నీషియన్ డాక్టర్ కాదు కదా. నమ్మొచ్చా?

ఇంటర్ చదివిన స్థానిక యువతకు ఏడాది శిక్షణ ఇచ్చి ఈ పనిలో పెడతారు. ఏడాదిలో కంటి డాక్టర్ కాలేరు, కానక్కర్లేదు కూడా. పవర్ తేల్చడం, కంటి ముందు భాగంలో ఏ తేడా ఉందో చూడటం, ఏది తన చేతిలోది కాదో తెలుసుకోవడం నేర్పిస్తారు. ఆ చివరిదే అసలు చదువని నా అభిప్రాయం. అనుమానం వస్తే ఫొటో తీసి, ఇంటర్నెట్ ద్వారా పైనున్న డాక్టరుకు చూపించి సలహా తీసుకునే ఏర్పాటు ఉంది.

కంటి డాక్టర్లందర్నీ మండలాలకు పంపాలని ఉపన్యాసాలు ఇవ్వొచ్చు, వాళ్ళు వెళ్ళరు. వెళ్ళినా రోజంతా పవర్లు చూస్తూ కూర్చుంటే ఆపరేషన్లు ఎవరు చేస్తారు? ఆ ఊరి అమ్మాయి అయితే పెళ్ళయ్యేదాకానో, ఇంకా మంచి ఉద్యోగం దొరికేదాకానో ఉంటుంది, కొందరు ఏళ్ళ తరబడి ఉండిపోతారు. మనుషులు మారడం ఈ వ్యవస్థకు నిజమైన బాధే. శిక్షణ కార్యక్రమం ఎప్పుడూ నడుస్తూ ఉండాల్సిందే. కానీ ఊరి యాసలో మాట్లాడి, "ఏం పెద్దమ్మా, మొన్న పొమ్మన్న ఆసుపత్రికి పోయినవా?" అని సంతలో నిలదీసే మనిషి దొరకడం మాటలు కాదు.

పెద్ద ఆసుపత్రికి పొమ్మంటే అందరూ పోతారా?

పోరు. బస్సు చార్జీ, పోయే కూలి, తోడు వచ్చే మనిషి, ఆపరేషనంటే టెన్షన్, అన్నీ అడ్డమే. అందుకే చీటీ రాసి చేతిలో పెడితే పని అయిపోదు, వెళ్ళారా లేదా అని అడిగే మనిషి కావాలి. విజన్ గార్డియన్, ఆశా కార్యకర్త ఇక్కడే ఉపయోగపడతారు.

వరికోతలప్పుడు కంట్లో పొట్టు పడింది. సెంటర్‌కి వెళ్ళాలా, చుక్కలు వేసుకుంటే చాలా?

చుక్కలు మీ అంతట మీరు వేసుకోకండి. ఈ ఒక్క జవాబైనా ఇంట్లో అందరికీ చదివి వినిపించండి.

కోతలు, నూర్పిళ్ళ కాలంలో వరిపొట్టు, వరికంకి మొన, చెరుకాకు అంచు నల్లగుడ్డును గీస్తాయి. గీత చిన్నదే. రెండోరోజుకి కన్ను ఎర్రబడి నీళ్ళు కారుతుంది, వెలుతురు చూడలేరు. మూడునాలుగు రోజులకు నల్లగుడ్డు మీద తెల్లటి మచ్చ కనబడుతుంది. పుండు పడిందన్నమాట. పొలంలో తగిలిన దెబ్బతో ఫంగస్ లోపలికి పోతుంది. మామూలు యాంటీబయాటిక్ చుక్కలకు అది లొంగదు.

మన ఊళ్ళలో ఆ మూడునాలుగు రోజులూ ఎలా గడుస్తాయో చూడండి. మొదట చనుబాలో, ఆకు పసరో వేస్తారు. తర్వాత ఆర్‌ఎంపీ దగ్గరకో మందుల షాపుకో పోతే చుక్కల సీసా ఒకటి ఇస్తారు. అందులో స్టెరాయిడ్ ఉంటే ఎరుపు చటుక్కున తగ్గుతుంది, "నయమైంది" అనుకుంటారు. లోపల ఫంగస్‌కు మాత్రం అది అగ్నికి ఆజ్యం పోసినట్టే. పుండు లోతుకు దిగుతుంది. చివరికి పట్నం ఆసుపత్రికి చేరేసరికి మచ్చ మిగులుతుంది, ఒక్కోసారి గుడ్డే చితికిపోతుంది. నల్లగుడ్డు మార్పిడి చేసినా అన్నీ నిలవవు.

చేయాల్సింది ఇది: శుభ్రమైన నీళ్ళతో కడగండి, నలపకండి, కట్టు బిగించకండి, ఏ చుక్కా వేయకుండా అదేరోజు విజన్ సెంటర్‌కి వెళ్ళండి. టెక్నీషియన్ స్లిట్ ల్యాంపులో చూసి, గీత పడిందో పుండు మొదలైందో చెప్పి, పుండైతే వెంటనే పంపిస్తారు. కోతలకు, నూర్పిడి మిషను దగ్గర పనికి వెళ్ళేటప్పుడు ప్లాస్టిక్ రక్షణ అద్దాలు పెట్టుకుంటే ఇంత గొడవే ఉండదు. సున్నం పడితే మాత్రం ఆగకుండా కనీసం పావుగంట నీళ్ళు పోస్తూ కడిగి, తిన్నగా డాక్టరున్న ఆసుపత్రికే వెళ్ళండి.

చత్వారానికి రోడ్డు పక్క అద్దాలు కొంటే తప్పా?

పెద్ద తప్పు కాదు. రెండు కళ్ళకూ ఒకే పవర్ ఉండి, దూరం చూపు బాగుంటే ఆ అద్దాలతో పని జరిగిపోతుంది. కానీ కంటి పరీక్ష జరగకుండానే పోతుంది. నలభై దాటాక చత్వారం కోసం వచ్చిన మనిషికే నీటికాసుల (గ్లకోమా) అనుమానం మొదటిసారి బయటపడటం కద్దు. నీటికాసులు నొప్పి లేకుండా చూపు తినేస్తాయి, పోయిన చూపు తిరిగి రాదు. అందుకే ఒక్కసారైనా పరీక్ష చేయించుకోమంటాను.

చత్వారాన్ని మనం మరీ తేలిగ్గా తీసుకుంటాం, "వయసొచ్చింది, ఇంతే" అని. నిర్మల్, నిజామాబాద్, జగిత్యాల వైపు బీడీలు చుట్టే ఆడవాళ్ళను దగ్గర కూర్చుని చూడండి. తునికాకును కత్తిరించి, తంబాకు వేసి చుట్టి, మొన మడిచి, సన్నటి దారం కట్టాలి. నలభై రెండో నలభై మూడో ఏట ఆకును దూరంగా పట్టుకోవడం మొదలవుతుంది. తర్వాత గుమ్మంలో వెలుతురుకు జరుగుతారు. ఆ తర్వాత చాట పక్కనున్న కూతురికి మొనలు మడిచే పని ఇస్తారు. రోజుకు చుట్టే బీడీలు తగ్గుతాయి, బాగా రానివాటిని ఏజెంటు పక్కకు తీసేస్తాడు, కూలి తగ్గుతుంది. ఇన్నేళ్ళ నైపుణ్యం చేతుల్లోనే ఉంది, పోయింది జానెడు దూరపు చూపు.

అస్సాం తేయాకు తోటల్లో నలభై దాటిన కార్మికులకు దగ్గరి చూపు అద్దాలిచ్చి చూసిన ప్రయోగం 2018లో అచ్చయింది. అద్దాలు పెట్టుకున్నవాళ్ళు కోసిన ఆకు, పెట్టుకోనివాళ్ళకన్నా దాదాపు 22 శాతం పెరిగింది. ఒక జత మామూలు అద్దాలతో కూలి మనిషి సంపాదన అంత మారగలిగితే, దాన్ని వైద్యం కాదనడం నాకు అర్థం కాదు.

శుక్లం ముదిరాకే ఆపరేషన్ చేయించుకోవాలంటారు. నిజమేనా?

నిజం కాదు, పాత రోజుల మాట. ఇప్పటి పద్ధతిలో, చూపు తగ్గి మీ పనికి అడ్డం వస్తోందంటే అదే సమయం. మరీ ముదరబెడితే ఆపరేషన్ కష్టమవుతుంది, కొందరికి కంట్లో ఒత్తిడి పెరిగి విపరీతమైన నొప్పి వస్తుంది. ఎండాకాలం చేయించకూడదన్నది కూడా పాత భయమే. శుక్లాన్ని కరిగించే చుక్కలూ పసర్లూ లేవు, ఎవరు అమ్మినా కొనకండి.

పిల్లల సంగతి?

బోర్డు కనిపించడం లేదని పిల్లలు తమంతట తాము చెప్పరు, అందరికీ అలాగే కనిపిస్తుందనుకుంటారు. పుస్తకం ముక్కుకు ఆనించి చదివితే, టీవీకి మరీ దగ్గరగా కూర్చుంటే తీసుకెళ్ళండి. మెల్లకన్ను అదృష్టం కాదు. చిన్నతనంలోనే చూపించకపోతే ఆ కంటి చూపు మందగించిపోతుంది. పాప కంటి నల్లగుడ్డు మధ్యలో తెల్లగా మెరిస్తే, ఫొటోలో అలా పడినా సరే, ఒక్కరోజు కూడా ఆగొద్దు. అది కంటి క్యాన్సర్ కావచ్చు.

నెలలు నిండకుండా, రెండు కిలోలకన్నా తక్కువ బరువుతో పుట్టిన బిడ్డకు ముప్పై రోజుల్లోపు రెటీనా (కంటి లోపలి వెనక పొర) పరీక్ష జరగాలి. అది విజన్ సెంటర్లో జరిగే పని కాదు, కానీ ఎక్కడికి వెళ్ళాలో అక్కడ చెబుతారు.

షుగర్ ఉంది, చూపు బాగానే ఉంది. వెళ్ళాలా?

వెళ్ళాలి, ఏడాదికోసారి. షుగర్ వల్ల రెటీనా దెబ్బతినడం మొదలైనప్పుడు చూపు బాగానే ఉంటుంది. తగ్గినట్టు తెలిసేసరికి చాలా ఆలస్యమవుతుంది.

ప్రభుత్వ పీహెచ్‌సీ ఉంది, కంటి వెలుగు వచ్చింది. ఇంకా వీళ్ళెందుకు?

తెలంగాణలో ప్రభుత్వ ఉచిత కంటి పరీక్షల కార్యక్రమం కంటి వెలుగు 2018 ఆగస్టు 15న మెదక్ జిల్లా మల్కాపూర్‌లో మొదలైంది, తొలి విడతలోనే కోటిన్నర మందికి పైగా పరీక్షలు జరిగాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరులో అనంతపురం నుంచి ఇలాంటి కార్యక్రమమే మొదలైంది. అంతమంది గడప తొక్కడం ఏ స్వచ్ఛంద సంస్థకూ సాధ్యం కాదు, ప్రభుత్వానికే సాధ్యం. ఎప్పుడూ కన్ను చూపించుకోని లక్షలమందికి అది మొదటి పరీక్ష.

విడతలు మాత్రం వస్తాయి, పోతాయి. చూపు ఏటేటా మారుతుంది, అద్దాలు విరుగుతాయి. పీహెచ్‌సీ, అంటే ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, ముప్పై వేల జనాభాకు ఒకటి, కొండ ప్రాంతాల్లో ఇరవై వేలకు ఒకటి ఉండాలన్నది నియమం. అక్కడి డాక్టరుకు జ్వరాలు, గర్భిణులు, టీకాలు, బీపీ షుగర్లతోనే రోజు గడిచిపోతుంది. ఈ రెండూ పోటీ పడాల్సిన పని లేదు. పీహెచ్‌సీలో షుగర్ బయటపడినవాళ్ళను కంటి పరీక్షకు ఇటు పంపడం, ఇక్కడ బీపీ అనుమానం వచ్చినవాళ్ళను అటు పంపడం జరిగిన మండలాల్లో ఇద్దరి పనీ తేలికవుతుంది. ఆశా కార్యకర్తకు ఊళ్ళో ప్రతి ఇల్లూ తెలుసు. ఆమెతో స్నేహం లేని విజన్ సెంటర్ ఎన్నాళ్ళు నడిచినా ఆ వీధి దాటి పోదు.

ప్రపంచవ్యాప్తంగా చూపు సమస్యలున్నవాళ్ళలో సగానికి పైగా, 55 శాతం దాకా, ఆడవాళ్ళే. మన ఇళ్ళలో సంగతి చూస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు. నాన్న కన్ను మసకబారితే ఆ వారమే ఆసుపత్రి, అమ్మది అయితే "పంట చేతికొచ్చాక చూద్దాం". తోడు లేకుండా నడిచి వెళ్ళగలిగే దూరంలో సెంటర్ ఉంటే ఆమె ఎవర్నీ అడగకుండా వెళ్ళి రాగలదు.

ఇదే పద్ధతిలో జ్వరాలకు, బీపీకి కూడా సెంటర్లు నడపొచ్చా?

అంత తేలిక కాదు. కంటి వైద్యంలో అద్దాలనే వస్తువు ఉంది, పెట్టుకున్న క్షణంలోనే ఫలితం కనిపిస్తుంది, రోగి సంతోషంగా డబ్బిస్తాడు. బీపీ మాత్ర వేసుకుంటే ఏమీ తెలియదు, తెలియని దానికి ఏళ్ళ తరబడి డబ్బివ్వడం కష్టం. మందుల అమ్మకం మీద సెంటర్ నడిపితే అక్కర్లేని ఇంజెక్షన్లు, సెలైన్లు ఎక్కించడమే మిగులుతుంది, ఆ కథ మనకు కొత్త కాదు. అలాంటి వైద్యానికి ప్రభుత్వ డబ్బే ఆధారంగా ఉండాలని నేను నమ్ముతాను. స్థానిక యువతకు శిక్షణ, పైనున్న డాక్టరుతో సంబంధం, వెంటపడి అడిగే కార్యకర్త, ఈ మూడూ మాత్రం ఎక్కడికైనా తీసుకుపోవచ్చు.

మా మండలంలో ఒకటి కావాలి. ఏం చేయాలి?

దగ్గర్లో ఆపరేషన్లు చేసే సెకండరీ ఆసుపత్రి ఏదుందో ముందు చూడండి. దాని పరిధిలో మీ మండలం ఉంటేనే మాట ముందుకు సాగుతుంది. తర్వాత బస్సులు ఆగేచోట, మెట్లు ఎక్కక్కర్లేని గది. పై అంతస్తు ఉచితంగా ఇచ్చినా వద్దనండి, మోకాళ్ళ నొప్పులున్న ముసలివాళ్ళు ఎక్కలేరు. చార్టు నుంచి రోగి కూర్చునేదాకా సరిపడా పొడవుండాలి. నమ్మకస్తులైన, ఊరు వదిలిపోవాలని లేని ఇంటర్ చదివిన పిల్లలు ఎవరున్నారో వెతకండి. భవనం మీద పేరు ఎవరిదన్న చర్చ ఆఖర్న పెట్టుకోండి.

అమెరికాలో ఉన్నాం. సొంతూరికి సాయం చేయాలంటే?

పరికరాలు పంపేబదులు డబ్బు పంపడం మేలు. బాగుచేసేవాళ్ళు దొరకని మిషను మూలన పడుంటుంది. భారత పౌరసత్వం ఉంచుకున్న ఎన్నారై తన సొంత డబ్బును మామూలు బ్యాంకు దారిలో పంపితే అది విదేశీ విరాళం కిందకు రాదు. వేరే దేశ పౌరసత్వం తీసుకున్నవాళ్ళు, ఓసీఐ కార్డు ఉన్నా సరే, ఇస్తే అది విదేశీ విరాళమే. తీసుకునే సంస్థకు విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద రిజిస్ట్రేషన్ ఉండాలి, ఢిల్లీ స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలోని వాళ్ళ ప్రత్యేక ఖాతాకే పంపాలి. ఊళ్ళో తెలిసినవాళ్ళ ఖాతాలో వేసి "ఇచ్చేయండి" అనడం వాళ్ళనే ఇబ్బందుల్లో పెడుతుంది.

వీలైతే కొత్త సెంటర్ కన్నా, ఉన్న సెంటర్‌కు అయిదేళ్ళ నిర్వహణ ఖర్చులో కొంత ఇస్తానని మాటివ్వండి. శిలాఫలకం ఉండదు గానీ టెక్నీషియన్‌కు నెలనెలా జీతం అందుతుంది.

మొదటిసారి వెళ్ళేటప్పుడు ఏం తీసుకెళ్ళాలి?

పాత అద్దాలుంటే అవి, విరిగినవైనా సరే. ఇప్పుడు వాడుతున్న చుక్కల సీసా, ఖాళీ అయినా పారేయకండి, అందులో ఏముందో చూడాలి. షుగర్, బీపీ మందుల చీటీ. పనిచేసే ఫోన్ నంబరు ఒకటి, లేకపోతే పక్కింటివాళ్ళది. రోజూ ఏ పని చేస్తారో, ఎంత దూరంలో పెట్టుకుని చేస్తారో చెప్పండి. కుట్టుమిషను తొక్కే మనిషికీ ట్రాక్టరు నడిపే మనిషికీ కావాల్సిన అద్దాలు ఒకటి కావు. సంత రోజున రద్దీగా ఉంటుంది, వీలైతే ఇంకో రోజు వెళ్ళండి.